కట్లపాముగారి ఇంటిపేరు

"మత్స్యాలు, ఉభయచరాలు, సరీసృపాలు, పక్షులు, క్షీరదాలు... మత్స్యాలు, ఉభయచరాలు, సరీసృపాలు..."

మూడునెలల పరీక్షలు దగ్గరపడ్డాయంటే మా ఇంట్లో సాయంకాలాలు ఇలాగే గడుస్తాయి. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి హాలులో ఈ చివరినుంచి ఆ చివరికి పచార్లు చేస్తూ, సహస్రనామం చదివినట్టు చదువుతూ వుంటుంది. మొన్న ఒకనాడు మా అమ్మ దీపాలకు వత్తులు చేసుకుంటూ ఆ వల్లెవేత కాసేపు విని, చేతిలో దూది పక్కన పెట్టింది.

"ఏమే, ఇదంతా కంఠతా పడితే ఏమొస్తుందే? ఏది నీళ్ళల్లో వుంటుందో, ఏది చెట్టుమీద వుంటుందో కళ్ళున్నవాళ్ళకి తెలియదూ?"

"అయిదు మార్కులు వస్తాయి, నాయనమ్మా" అంది మా అమ్మాయి, నడక ఆపకుండానే.

ఇద్దరి మాటా నాకు రుచించలేదు. అయిదు మార్కులకోసమే అయితే అమ్మ అన్నట్టు ఆ గొంతు నొప్పి దండుగ. కాని కళ్ళుంటే చాలునన్న మాట మటుకు నేను ఒప్పుకోలేను. జంతువుల విషయంలో కళ్ళు మోసం చేసినంతగా మరేవీ చెయ్యవు. ఆ మోసంవల్ల ఒక ప్రాణం పోవడం నా చిన్నతనంలో చూశాను. ఆ సంగతి తరవాత మనవి చేస్తాను. ముందు మా అమ్మతో జరిగిన వాదం వినండి.

జీవులను తరగతులుగా విడదీయడం మనకు కొత్త కాదు. జరాయుజాలు, అండజాలు, స్వేదజాలు, ఉద్భిజ్జాలు అని మన పెద్దలు నాలుగు విధాలుగా చెప్పారు. మావితో పుట్టేవి, గుడ్డులోంచి పుట్టేవి, చెమటలోంచి పుట్టేవి, భూమిని చీల్చుకుని వచ్చేవీను. మా అమ్మకు ఈ నాలుగూ నోటికి వచ్చు.

"అయితే అమ్మా, రక్తపింజర ఎందులోకి వస్తుంది?" అన్నాను.

"అదేం ప్రశ్నరా? పాములన్నీ గుడ్లు పెట్టేవే గదా. అండజం."

పెట్టదండీ, రక్తపింజర గుడ్లు పెట్టదు. ఇరవై, ముప్ఫై, ఒక్కొక్కప్పుడు అంతకన్నా ఎక్కువ పిల్లలను ఏకంగా కని వదిలేస్తుంది. ఇరుతల పామూ అంతే. (ఆ ఇరుతల పాముకు రెండో తలా లేదు, దానివల్ల ఇంటికి లక్ష్మీ రాదు. దాని తోక మొద్దుగా, తలలాగే వుంటుంది. ఆ సాకుతో దాన్ని లక్షలకు బేరం పెట్టే దళారులున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. ఆ బేరానికి వచ్చినవాణ్ణి వీధి గుమ్మంలోనే సాగనంపండి.) ఇటు చూస్తే పాములు పిల్లలను కంటాయి, అటు చూస్తే ఆస్ట్రేలియాలో ఒళ్ళంతా బొచ్చూ, బాతుముక్కూ వున్న ప్లాటిపస్ అనే జంతువు గుడ్లు పెట్టి, పొదిగి, పుట్టిన పిల్లలకు పాలిస్తుంది. దాని ఎండబెట్టిన తోలు మొదటిసారి లండను చేరినప్పుడు, 1799లో, జార్జి షా అనే పండితుడు దాన్ని శాస్త్రీయంగా వర్ణించాడు. ఎవడో తుంటరి బాతుముక్కు తెచ్చి జంతువుకు కుట్టాడేమోనని కుట్లకోసం వెతికాడని కూడా చెబుతారు. అది నిజంగానే గుడ్లు పెడుతుందని రూఢి కావడానికి 1884 దాకా పట్టింది.

"అంటే గుడ్డు లెక్కలోకి రాదా?" అంది అమ్మ.

"వస్తుంది. కాని గుడ్డొక్కటే రాదు."

మరేం చూడాలి? ఈ ప్రశ్న అడిగినవారిలో చెప్పుకోదగ్గవాడు స్వీడన్ దేశపు కార్ల్ లినేయస్. 1758లో అచ్చయిన తన గ్రంథం పదో కూర్పులో ఆయన తనకు తెలిసిన జంతువులన్నిటికీ రెండేసి మాటల పేర్లు పెట్టాడు. మొదటి మాట ఇంటిపేరు, రెండోది సొంతపేరు. మన తెలుగువాళ్ళ పద్ధతే సుమండీ! తెల్లవాళ్ళు సొంతపేరు ముందు చెప్పి ఇంటిపేరు చివర తగిలించుకుంటారు గదా. జంతువుల దగ్గరికి వచ్చేసరికి మనలాగే ఇంటిపేరు ముందు పెట్టారు. ఇప్పటి లెక్కలో పులి పాంథెరా టైగ్రిస్, సింహం పాంథెరా లియో. అంటే రెండూ పాంథెరావారి బిడ్డలే. మన వంటింట్లో పాలగిన్నె చుట్టూ తిరిగేది ఫెలిస్ క్యాటస్. వంశం ఒకటే, ఇంటిపేరు మారింది. పెళ్ళి సంబంధానికి వచ్చినవారిని మనం "మీ ఇంటిపేరేమిటి, మీరు ఫలానావారికి ఏమవుతారు" అని అడుగుతామే, శాస్త్రజ్ఞుడు జంతువును అడిగేదీ అదే. నువ్వు ఎక్కడ కాపరం చేస్తున్నావని కాదు, నీవాళ్ళెవరని.

ఆ గ్రంథంలోనే లినేయస్ తిమింగలాన్ని చేపల్లోంచి తీసి పాలిచ్చే జంతువుల్లో చేర్చాడు. మన మాటే చూడండి. తిమి అంటే పెద్ద చేప, దాన్ని మింగేది తిమింగిలం. చేపల్లో చేప అనే మనమూ అనుకున్నాం. దానికి మొప్పలు లేవు, ఊపిరికోసం పైకి రావాలి, పిల్లకు పాలిస్తుంది. చేపకూ దానికీ పోలిక ఆకారంలోనే. నీళ్ళలో ఈదవలసినవాళ్ళందరికీ నీళ్ళు ఒకే రకం చొక్కా కుట్టిపెట్టాయి, అంతే.

అలాగని లినేయస్ తప్పులు చెయ్యలేదనుకోకండి. కప్పలనూ పాములనూ ఒకే గంపలో వేశాడు. సొరచేపలను కూడా వాటితోనే పడేశాడు. పైపెచ్చు అవన్నీ రోతపుట్టించే జీవాలని తిట్టిపోశాడు. నిజంగా కప్పల తక్కెడే అయింది ఆ తరగతి. ఇంకో చిత్రం: గబ్బిలాన్ని తీసుకువచ్చి కోతులతోపాటు మనిషి పంక్తిలో కూర్చోబెట్టాడు! తల్లి పిల్లకు రొమ్మున పాలిస్తుంది గదా అని ఆయన లెక్క. తరవాతి వారు ఆ విస్తరి తీసి గబ్బిలానికి వేరే పంక్తి వేశారు. కాని అది పక్షి కాదన్న మాట మటుకు నిలిచింది. గబ్బిలం రెక్క ఈక కాదు. సాగిన చేతివేళ్ళ మధ్య గొడుగుగుడ్డలా పరుచుకున్న చర్మం. ఈ భూమ్మీద పాలిచ్చే జంతువుల్లో దాదాపు అయిదింట ఒక జాతి గబ్బిలమే అంటే నమ్మండి.

వెన్నెముకగల జంతువుల జాతులు ఇప్పటికి 70,000కు పైగా లెక్కకు వచ్చాయి. అందులో ఇంచుమించు సగం చేపలే. చేపకు మొప్పలు, రెక్కలు, నీటి కాపరం అని మా అమ్మాయి పుస్తకంలో వుంది. తప్పు కాదుగాని, మా సంతలో చేపలమ్మే ఆవిడ తడిగోనె కింద గంటల తరబడి బతికించి అమ్మే కొర్రమీను సంగతేమిటి? దాని తలలో మొప్పలకు పైన గాలి పీల్చుకునే అర ఒకటి వుంది. నీళ్ళలో వుంచి గాలి అందకుండా చేస్తే చేపే ఉక్కిరిబిక్కిరై చస్తుంది. ఇక పులస. సముద్రంలో వున్నంతకాలం దాన్ని విలస అంటారు, అడిగేవాడుండడు. అదే చేప వరదల్లో గోదావరికి ఎదురెక్కితే పులస అయిపోతుంది, ధర ఆకాశానికంటుతుంది. కాపరం మారితే పేరు మారింది, రుచి మారింది, మన జేబు మారింది. దాని ఇంటిపేరు మాత్రం మారలేదు.

కప్పలది రెండు బతుకుల జాతి. పుట్టినప్పుడు చేపపిల్లలాగ మొప్పలతో, తోకతో. పెద్దయ్యాక ఊపిరితిత్తులతో, కాళ్ళతో. ఆ తడి చర్మంతో కూడా అది ఊపిరి పీలుస్తుంది. అంచేత నీటిలో ఏ విషం కలిసినా మొదట దెబ్బ తినేది కప్పే. ఒకప్పుడు మన కప్పల కాళ్ళు ఓడలకెక్కి విదేశాల భోజనాల బల్లలమీదికి పోయేవి. పొలాల్లో పురుగులు తినే నేస్తాలను అలా పంపేసుకోవడం తగదని తెలిసి 1987లో ఆ ఎగుమతి నిషేధించారు.

పాకే జాతికి గట్టి పెంకు గుడ్డు అబ్బింది. ఎండకు ఎండిపోని ఆ గుడ్డువల్లనే అవి నీటిగట్టు వదిలి ఎడారిదాకా పోగలిగాయి. ఇక్కడ కూడా పేర్లు తికమక పెడతాయి. నలికండ్ల పాము అని మనవాళ్ళు హడలిపోయేది పాము కాదు. నున్నగా మెరిసే ఒళ్ళూ, చిన్నచిన్న కాళ్ళూ వున్న ఒకరకం బల్లి. విషం చుక్కయినా లేదు. అది కరిస్తే చావు తప్పదనే అపవాదు మోస్తూ చీపురుదెబ్బలు తింటోంది పాపం. మొసలి సంగతి మరీ విచిత్రం. దానికి బల్లికన్నా కాకి దగ్గరి చుట్టమని నేటి శాస్త్రజ్ఞులు తేల్చారు. మొసలి గుండెకు పక్షి గుండెకు వున్నట్టే నాలుగు గదులున్నాయి. గూడు కాపలా కాస్తుంది. గుడ్డులోంచి పిల్లలు కూస్తే తల్లి వచ్చి మట్టి తవ్వుతుంది. అసలు పక్షులే ఆ పాత సరీసృపాల వంశంలో ఒక కొమ్మ అంటున్నారు. ఈ మాట చెబితే మా అమ్మాయి, "నాన్నా, పరీక్షలో అలా రాస్తే సున్నా వేస్తారు" అంది. రాయవద్దులే అన్నాను. తెలిసి వుండడంలో తప్పులేదు.

పక్షుల్లో మన తెలుగునేలదే ఒక కథ వుంది. కడప జిల్లా ముళ్ళపొదల్లో కలివికోడి అనే చిన్న పక్షి తిరిగేది. 1848లో జెర్డన్ అనే దొర దాన్ని లోకానికి చెప్పాడు. 1900 తరవాత మరి శాస్త్రజ్ఞుల కంటపడలేదు. అంతరించిపోయిందని చాలామంది నీళ్ళు వదిలేశారు. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘంవారి వెతుకులాటలో, బొమ్మ చూసి ఆనవాలు పట్టిన ఒక ఊరి వేటగాడి చేతికే అది రాత్రిపూట మళ్ళీ చిక్కింది. లంకమల అడవిని దానికోసం రక్షిత ప్రాంతం చేశారు. ఇంతకూ కలివికోడి కోడి కాదండీ. పొలంగట్లమీద అర్ధరాత్రి అరిచే తీతువుకు దూరపు చుట్టం. పట్నాల్లోని పండితులు దాన్ని పోగొట్టుకున్న ఆ ఎనభైయారేళ్ళూ ఊళ్ళోవాళ్ళ నోట్లో దాని పేరు బతికేవుంది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఏ తరగతి జంతువు ఎక్కడ వుంటుందన్న ప్రశ్నకు పుస్తకంలో సులువైన జవాబులున్నాయిగాని, మా కాకినాడ దగ్గర కోరింగ మడ అడవికి వచ్చి చూడండి. పోయిన సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో వెళ్ళాను. చెక్కల వంతెనమీద నిలబడి బురదలోకి చూస్తే, గుడ్లు మిటకరించి రొమ్ము రెక్కలమీద గెంతుకుంటూ పోతున్నాయి చిన్న జీవాలు. మా అమ్మాయి కప్పలంది. కావు, చేపలు! నీరు తీసినప్పుడు బురదమీద షికారు చేసే చేపలు. ఆ అడవిలోనే బావురుపిల్లి వుంది. నీళ్ళంటే ఆమడ దూరం పారిపోయే పిల్లి వంశంలో పుట్టి, నీళ్ళలోకి దూకి చేపలు పడుతుంది. అవతల సముద్రపు ఒడ్డుకు తాబేళ్ళు చలికాలపు రాత్రులలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. బతుకంతా నీళ్ళలోనే గడిపినా గుడ్డుకు మటుకు పొడి ఇసక కావాలి. పుట్టినిల్లు మరిచిపోలేని ఆడపడుచు అనుకోండి. నడిచే చేప, ఈదే పిల్లి, నేలకు తిరిగివచ్చే తాబేలు. అయిదు మార్కుల జవాబు ఆ బురదలో కూరుకుపోయింది.

ఇక పాముల దగ్గరికి వస్తాను.

1780ల మొదట్లో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు తమ్ముడి వెంట విశాఖపట్టణం వచ్చాడు. తరవాత కంపెనీవారి కొలువులో చేరి మొక్కలూ చేపలూ చూస్తూ వచ్చినా, ఆయన మనసు పట్టుకున్నది పాములు. ఈ తీరాన పాముకాటుతో పోతున్న జనాన్ని చూశాడు. ఏ పాము చంపుతుంది, ఏది చంపదు అన్నది చూడగానే తెలిసే గుర్తు వుంటే ఎన్ని ప్రాణాలు దక్కుతాయి అనుకున్నాడు. పాములు పట్టించి, కోరలు పరీక్షించి, బొమ్మలు గీయించి 1796లో పెద్ద గ్రంథం అచ్చువేయించాడు. అందులో బొమ్మ కింద మనవాళ్ళు చెప్పిన తెలుగు పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. రక్తపింజరను అందులో "కాటుక రేకుల పొడ" అన్నారు. ఎంత చక్కని పేరు! తరవాత ఆ పాముకు రస్సెల్ పేరే స్థిరపడింది. పెట్టినవారిలో ఒకడు ఇందాకటి ప్లాటిపస్ షాయే.

ఇంకో పాము వుంది. ఒంటినిండా పసుపూ నలుపూ పట్టెలు. దాన్ని మనవాళ్ళు బంగారు పాము అన్నారు. రస్సెల్ అలాగే రాసుకున్నాడు. 1803లో ఒక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ జాతి మొత్తానికి ఇంటిపేరు పెట్టవలసివచ్చి, మన తెలుగు మాటనే తీసుకుని లాటిను తోక తగిలించాడు. బంగారస్! అప్పటినుంచి ప్రపంచంలో ఏ మూల పుస్తకం తెరిచినా కట్లపాము పేరు బంగారస్ సెరూలియస్. నాగుపాము నాజా నాజా కావడం మన నాగశబ్దంవల్లనే గాని, అది సంస్కృతం. ఇది అచ్చంగా మన బంగారం. కట్లపాముగారు బంగారువారి ఆడపడుచన్నమాట.

ఈ సంగతి నాకు పెద్దయ్యాక తెలిసింది. అప్పుడు నవ్వు రాలేదు.

1983లో నాకు పదేళ్ళు. పల్లెటూళ్ళో మా ఇల్లు. వానాకాలం. మా పాలేరు కొడుకు నా ఈడువాడు, గోళీలాటలో నా జోడు. వాళ్ళు పశువులశాల అరుగుమీద చాప పరుచుకుని పడుకునేవారు. ఒకరాత్రి వాడు కడుపునొప్పి అని లేచాడు. వాళ్ళమ్మ మా పెరటి తలుపు తట్టింది. వాము, ఉప్పు నలిపి వేడినీళ్ళతో ఇచ్చారు. అదే సమయంలో అరుగు చివర లాంతరు వెలుగులో ఒక పాము గోడవారగా జారిపోతూ కనిపించింది. నల్లటి ఒళ్ళు, తెల్లటి సన్నని కట్లు. అందరూ కెవ్వుమన్నారు. అప్పుడు నేను ముందుకు వచ్చి, "అదేం చెయ్యదు, మొన్న మన స్నానాలగదిలో కనిపించిందిగా, బల్లుల్ని తినే పాము. విషం లేదని తాతయ్య చెప్పాడు" అన్నాను. మొన్న చూసింది నిజంగా విషంలేని పామే. తాతగారు చెప్పిందీ నిజమే. ఈ పాము ఆ పాము కాదు.

వాడి ఒంటిమీద గాటు లేదు, వాపు లేదు. పాము ముట్టిందని ఎవరికీ తోచలేదు. కాసేపటికి వాడి కనురెప్పలు వాలిపోవడం మొదలుపెట్టాయి. "వాము పనిచేసింది, నిద్ర పడుతోంది, పడుకోనివ్వండి" అన్నారు. పడుకోబెట్టారు. తెల్లవారేసరికి ఊపిరి అందడంలేదని గ్రహించి బండి కట్టారు. ఊరు దాటకముందే బండి వెనక్కి తిరిగింది.

కట్లపాము కాటు తీరే అంత. దోమకాటంత నొప్పయినా తెలియకపోవచ్చు. నేలమీద నిద్రపోయేవాళ్ళనే ఎక్కువగా కాటేస్తుంది. కడుపునొప్పి, రెప్పలు వాలడం, మింగుడు పడకపోవడం, ఆపైన ఊపిరి. ఆ రాత్రి మేము నిద్ర అనుకున్నది విషం.

ఇప్పుడు మళ్ళీ మొన్నటి మాటకు వస్తాను. అమ్మతో వాదం జరిగిన నాలుగు రోజులకు, రాత్రి తొమ్మిదింటికి మా ఆవిడ స్నానాలగదిలోంచి, "ఏమండీ!" అని ఒక్క కేక వేసింది. నీళ్ళ బకెట్టు వెనక చుట్టచుట్టుకుని వుంది. నల్లటి ఒళ్ళు, తెల్లటి కట్లు. "పురుగురా, పురుగు! దగ్గరికి పోకు!" అంటోంది మా అమ్మ. రాత్రిపూట పాము పేరెత్తకూడదు గదా. వెన్నెముక గలదాన్ని ఒక్క మాటతో వెన్నెముక లేనిదాన్ని చేసేసింది. పొరుగాయన కర్ర పట్టుకొచ్చాడు. నేను తలుపు మూసి, కింద సందులో తడిగుడ్డ కుక్కి, పాములు పట్టే కుర్రాడికి ఫోను చేశాను. నాకు తెలియదని నాకు తెలుసు గనక.

కుర్రాడు అరగంటలో వచ్చాడు. దూరంనుంచే దీపం వేసి చూసి, "కట్లపాము కాదండీ, అలాంటిదే" అన్నాడు. మా అమ్మాయి గుమ్మంలోంచే "ఎలా తెలిసింది?" అని అడిగింది. కట్లపాముకు కట్లు తోకవైపు స్పష్టంగా వుండి తలవైపు మాసిపోతాయట. దీనికి తలవైపు స్పష్టంగా వుండి తోకవైపు మాసిపోతాయి. కట్లపాముకు వెన్ను నడుమ ఆరు పలకల పెద్ద పొలుసుల వరస ఒకటి తలనుంచి తోకదాకా వుంటుంది, దీనికి లేదు. "ఇది పుస్తకంలో చూసుకోవడానికండీ. ఇంట్లో కనిపిస్తే మాత్రం దగ్గరికి పోయి పొలుసులు లెక్కపెట్టకండి. కట్లున్న ప్రతిదీ కట్లపామే అనుకోండి" అన్నాడు. ఆ మాట నేను కూడా మీతో చెబుతున్నాను. పాము ముట్టిందని అనుమానమైనా చాలు, కొయ్యడం, కట్టుకట్టడం, మంత్రం, వేపాకు నమిలించడం ఏవీ వద్దు. ఆ మనిషిని కదలనివ్వకుండా, కాటుపడ్డ కాలోచెయ్యో ఆనించివుంచి, ఆస్పత్రికి తీసుకుపొండి. మన దేశంలో దొరికే విషపు విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే. పామును చంపి సీసాలో పెట్టి మోసుకుపోనక్కరలేదు. 2000 మొదలు 2019 దాకా మన దేశంలో పాముకాటువల్ల 12 లక్షలమంది పోయారని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా కట్టింది. అందులో సగం వానాకాలపు నాలుగు నెలల్లోనే. నేలమీద పడుకునేవారికి దోమతెర కట్టి అంచులు చాపకిందికి దోపడం చిన్నపని. పనిమనిషికీ, కాపలావాడికీ కూడా ఆ తెర కొనిపెట్టండి.

కుర్రాడు పామును సంచిలోకి ఎక్కించి, మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి, ఊరిబయట వదిలేస్తానని వెళ్ళాడు. పొరుగాయన కర్ర పట్టుకుని కొంచెం నిరాశగానే వెళ్ళాడు.

ఇల్లు సద్దుమణిగాక అమ్మ నా పక్కకు వచ్చి కూర్చుంది. చాలాసేపు మాట్లాడలేదు.

"ఆ రాత్రి వాడికి వాము నలిపి ఇచ్చింది నేనేరా" అంది.

నాకు తెలుసు. ఇన్నేళ్ళలో ఆ మాట అమ్మ నోట రావడం అదే మొదలు. విషంలేదని చెప్పింది నేనేనమ్మా అన్నాను. అమ్మకూ తెలుసు.

లోపల గదిలో మళ్ళీ మొదలైంది: మత్స్యాలు, ఉభయచరాలు, సరీసృపాలు. అమ్మ లేచి వెళ్ళింది. మందలిస్తుందనుకున్నాను. "ఆ కుర్రాడి ఫోను నంబరు రాసిపెట్టవే, నాకు కనిపించేలా పెద్దక్షరాలతో" అనడం వినిపించింది. పొద్దున్న చూస్తే వంటింటి క్యాలెండరుమీద, పాలలెక్క పక్కన, ఎర్రసిరాతో వుంది.